బస్తా తిరగేయించే పెదనాన్న

పెదనాన్న పోయాడని పెద్దమ్మ ఫోన్ చేస్తే నేను నమ్మలేదు. "ఎవరు చెప్పారు?" అన్నాను. "ఎవరు చెప్పేదేంటే, నా కళ్ళ ముందే కుర్చీలో ఉన్నారు" అంది. "డాక్టర్ వచ్చాడా? చెయ్యి పట్టుకుని చూశాడా, గుమ్మంలోంచే చూసి చెప్పేశాడా?" అని మళ్ళీ అడిగాను. పెద్దమ్మ ఏడుస్తూనే తిట్టింది. "అచ్చం ఆయన నోట్లోంచి ఊడిపడ్డావు కదే! రా, వచ్చి నువ్వే చూసుకో."

నందిగామలో బస్సెక్కి జగ్గయ్యపేటలో దిగేదాకా నాకు ఏడుపు రాలేదు, అనుమానమే వచ్చింది. పొద్దున్నే కాఫీ తాగి, పేపర్ చదువుతూ పోయాడట. పేపర్లో పడ్డ వార్తనే ఒక పట్టాన ఒప్పుకోని మనిషి, చావుని అంత తేలిగ్గా ఎలా ఒప్పుకున్నాడు? ఇంటికెళ్ళి చెయ్యి పట్టుకుంటే చల్లగా తగిలింది. అప్పుడు నమ్మాను.

మీకు ఆయన సంగతి తెలియాలంటే మిరపకాయల కొట్టు దగ్గర్నుంచి మొదలుపెట్టాలి. చుట్టుపక్కల ఊళ్ళ రైతుల దగ్గర మిరపకాయలు కొనేవాడు పెదనాన్న. రైతు బస్తా మూతి విప్పి "చూడండి బాబాయ్, రక్తంలా ఉన్నాయి కాయలు" అంటే, అటు కన్నెత్తి కూడా చూడడు. "తిరగేసి గుమ్మరించు" అంటాడు. పైన ఎర్రగా ఉన్న కాయల కింద రంగు పోయిన తాలు కాయలుంటాయనీ, నీళ్ళు చల్లి బరువు పెంచి ఉంటారనీ ఆయన అనుమానం. సగంసార్లు అది నిజమే అయ్యేది. "పైన కనపడేది వాడు చూపించే సరుకు. అడుగునున్నది మనం కొనే సరుకు" అని నాకు చిన్నప్పుడే నేర్పాడు. మా నాన్న తొందరగా పోవడంతో నేను ఆయన దగ్గరే పెరిగాను కాబట్టి, మిగతావాళ్ళ పిల్లలు ఎక్కాలు నేర్చుకునే వయసులో నేనిది నేర్చుకున్నాను.

పెనుగంచిప్రోలు నుంచి ఒక రైతు వచ్చేవాడు. ప్రతి ఏడూ బస్తా తిరగేయించుకుని, ప్రతి ఏడూ నొచ్చుకునేవాడు. "నమ్మి చెడినవాడు లేడంటారు బాబాయ్!" అనేవాడు. "నమ్మి చెడినవాళ్ళు ఈ వీధిలోనే నలుగురున్నారు. పిలవమంటావా?" అనేవాడు పెదనాన్న. పాపం, ఆ రైతు బస్తాలో ఏనాడూ తాలు కాయలు కనపడలేదు. అయినా మళ్ళీ ఏడు మళ్ళీ గుమ్మరించాల్సిందే.

ఇంట్లోనూ అదే వరస. నేను ఫస్టొచ్చానని ఎగురుకుంటూ వస్తే, "క్లాసులో ఎంతమందే?" అని అడిగేవాడు. నాకు సంబంధం వచ్చినప్పుడు కంచికచర్ల వెళ్ళి, పెళ్ళికొడుకు వాళ్ళ వీధిలోని మంగలి షాపులో గడ్డం గీయించుకుని వచ్చాడు. ముందురోజే గీసుకున్న గడ్డం! "గడ్డం బాగానే గీశాడు, కుర్రాడి గురించి కూడా బాగానే చెప్పాడు. కానిద్దాం" అన్నాడు. నేను స్కూల్లో టీచర్నయ్యాక సాయంత్రం ఫోన్ చేసి, "ఇవాళ ఎవడికి కడుపునొప్పి వచ్చింది? ఏ పీరియడ్లో?" అని అడిగి నవ్వేవాడు. లెక్కల పీరియడ్ ముందర వచ్చే కడుపునొప్పుల్ని మేమిద్దరం కలిసి పట్టేవాళ్ళం.

అలాంటి మనిషికి రెండేళ్ళ కిందట అక్కి లేచింది. ఎడమవైపు పక్కటెముకల మీద, వీపు నుంచి రొమ్ము దాకా పట్టీ కట్టినట్టు పొక్కులు. డాక్టర్ మందులిచ్చాడు. పెద్దమ్మ మనసు ఊరుకోక కుమ్మరాయన్ని పిలిపించి అక్కి కూడా రాయించింది. ఆయన ఎర్రటి జేగురుమట్టితో పొక్కుల చుట్టూ సింహం బొమ్మ రాస్తుంటే పెదనాన్న మెడ తిప్పి చూసి, "ఇది సింహమా, కుక్కా? ముందది తేల్చు. అక్కి దేన్ని చూసి పారిపోవాలో దానికి తెలియాలి కదా" అన్నాడు. పొక్కులు మాడిపోయాయి. మందుల వల్లేనని డాక్టర్, బొమ్మ వల్లేనని పెద్దమ్మ. పెదనాన్న ఇద్దర్నీ నమ్మలేదు.

పొక్కులు పోయినా నొప్పి మాత్రం పోలేదు. చొక్కా తగిలితే నిప్పు అంటుకున్నట్టు ఉండేదట. ఫ్యాన్ గాలి తగిలినా ఓర్చుకోలేకపోయేవాడు. బొటనవేలు, చూపుడువేలు కలిపి చొక్కాని పక్కటెముకల మీంచి కాస్త ఎత్తి పట్టుకుని తిరగడం మొదలుపెట్టాడు. తింటున్నా, ఎవరితో మాట్లాడుతున్నా ఎడమచెయ్యి అక్కడే ఉండేది. చూస్తే ఏమీ లేదు. పొక్కు లేదు, వాపు లేదు, మచ్చలు కూడా వెలిసిపోయాయి. చుట్టాలు వచ్చి, "తగ్గిపోయింది కదా, ఇంకా ఏంటి?" అనేవాళ్ళు. పెద్దమ్మ కూడా విసిగిపోయి, "బజారుకెళ్ళమన్నప్పుడే వస్తుందేంటండీ ఆ నొప్పి?" అంది ఒకరోజు. "ఎద్దు పుండు కాకికి ముద్దు" అని గొణిగి లేచిపోయాడు.

ఆ రోజు నేను అక్కడే ఉన్నాను. పెరట్లోకి వెళ్ళి చూస్తే, ఆయన కళ్ళు తుడుచుకుంటున్నాడు. "నువ్వన్నా నమ్ముతావటే?" అన్నాడు. జీవితమంతా ఎవరి నోటిమాటా నమ్మని మనిషికి, నోటిమాట తప్ప వేరే రుజువు లేని జబ్బు వచ్చింది. గుమ్మరించి చూపించడానికి ఆయన దగ్గర ఏమీ లేదు. "నమ్ముతున్నా పెదనాన్నా" అన్నాను. ఆయన నా ముఖంలోకి అనుమానంగా చూశాడు. నేను ఆయన పెంపకమే కదా, ఎలా నమ్ముతాడు?

మాత్రలు వేసుకుంటే మత్తు, మానేస్తే మంట. చివరికి డాక్టర్, "నరాలకి కరెంటు పెట్టి చూద్దాం" అని ఊళ్ళోనే ఒక ఫిజియోథెరపీ అమ్మాయి దగ్గరికి పంపాడు. కరెంటు అనగానే మా ఇద్దరికీ ఒకేసారి అనుమానం వచ్చింది. పల్లెల్లో హాళ్ళు అద్దెకి తీసుకుని, ఫ్రీగా వైద్యమని పడుకోబెట్టి, ఆఖర్న మంచాలూ మిషన్లూ అంటగట్టేవాళ్ళని మేం చూడలేదా? నేను సెలవు పెట్టి వెంట వెళ్ళాను. మందుల షాపు మీద చిన్న గది. మిషన్ చూస్తే టీవీ రిమోట్ కన్నా కాస్త పెద్దది, రెండు వైర్లు, వాటి చివర అతికించే బిళ్ళలు. "ఇదేనా? పిల్లలాడుకునే బొమ్మలా ఉంది" అన్నాడు పెదనాన్న.

ఆ అమ్మాయి నవ్వి, గుండెకి మిషన్ ఏదైనా పెట్టించుకున్నారా అని ముందు అడిగింది. లేదన్నాడు. తర్వాత, "నొప్పి ఎంతుందండీ? అసలు లేకపోతే సున్నా, భరించలేకపోతే పది అనుకోండి" అంది. "ఎనిమిది" అన్నాడు. ఆమె రాసుకుంది. పెదనాన్న కుర్చీలో ముందుకి జరిగాడు.

"అదేంటమ్మా, నేను చెప్పిందే రాసేసుకున్నావు?"

"మరి ఎవర్నడిగి రాయమంటారండీ? నొప్పి మీది కదా."

"నేను అబద్ధం చెప్తుంటేనో?"

"అబద్ధానికి చొక్కా అలా పట్టుకుని తిరగరండీ ఎవరూ."

పెదనాన్న నా వైపు చూశాడు. ఆ చూపు నాకింకా గుర్తుంది. కొట్టులో తాలు లేని బస్తా దొరికినప్పుడు కూడా అలా చూడలేదు.

అలాగని ఊరుకుంటాడా! "ముందు నీ చేతికి పెట్టుకో" అన్నాడు. పెట్టుకుంది. తర్వాత నా చేతికి పెట్టించాడు. చీమలు పాకినట్టు జివ్వుమంది. తర్వాత తన కుడిచేతికి. ఆ తర్వాతే వీపు చూపించాడు. మంటపుట్టే చోటు వదిలేసి, వెన్నెముక పక్కన అంటించబోతే, "నొప్పి ఇక్కడుంటే అక్కడ పెడతావేంటి?" అని మళ్ళీ పేచీ. "దెబ్బ తగిలితే పక్కన రుద్దుకుంటాం కదండీ, అలాంటిదే. ఇంకో మాట కూడా చెప్తా. ఇది జబ్బుని నయం చెయ్యదు. అందరికీ పనిచెయ్యదు కూడా. మీకు పనిచేస్తుందో లేదో మీరే చెప్పాలి, నేను చెప్పలేను" అంది.

మెట్లు దిగుతూ పెదనాన్న అన్నాడు: "తన బస్తా తనే గుమ్మరించింది, చూశావా?"

పనిచేసింది. అంటే, ఎంత పనిచేసిందో ఆయన మాటల్లోనే చెప్తాను. "పెట్టుకున్నంతసేపూ, తీశాక ఇంకో గంటో రెండు గంటలో తగ్గుతుంది. నొప్పిని అరుగు మీద కూర్చోబెట్టి మాటల్లో పెడుతుందే, అంతే. ఇంట్లోంచి పంపించదు." ఆ గంటా రెండు గంటలు చాలు ఆయనకి. అలాంటి మిషనే ఒకటి కొనుక్కుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని మళ్ళీ కొట్టుకి వెళ్ళడం మొదలుపెట్టాడు. అయినా వారానికోసారి, "నిజంగా తగ్గుతోందంటావా, తగ్గుతోందని నేననుకుంటున్నానా?" అని నన్ను అడిగేవాడు. నేనేం చెప్పను? నాకూ అదే అనుమానం. కొన్నాళ్ళకి ఆయనే, "ఏదైతేనేం, చొక్కా వేసుకోగలుగుతున్నా" అన్నాడు.

ఒకరోజు నేను కొట్టులో ఉండగా పెనుగంచిప్రోలు రైతు వచ్చాడు. అలవాటుగా రెండు వేళ్ళతో చొక్కాని ఎత్తి పట్టుకున్న పెదనాన్ననీ, దాని కిందనుంచి వేలాడుతున్న వైరునీ చూసి, "ఇదేంది బాబాయ్, ఛార్జింగ్ పెట్టుకున్నారా?" అన్నాడు.

"నొప్పికిలే. చెప్పినా నువ్వు నమ్మవు."

"ఎందుకు నమ్మను? మిమ్మల్ని తిరగేసి గుమ్మరించి చూస్తామా ఏంది? నొప్పంటే నొప్పే."

కొట్టులో కూలీలందరూ పగలబడి నవ్వారు. పెదనాన్న నవ్వలేదు. రైతుకి టీ తెప్పించాడు. టీ అయ్యాక ఏమన్నాడో తెలుసా? "ఊఁ, తిరగెయ్ బస్తా." రైతు కూడా నవ్వుతూ తిరగేశాడు. పుట్టుకతో వచ్చిన బుద్ధి, టీతో పోతుందా!

కానీ ఆ సాయంత్రం ఫోన్‌లో, మా క్లాసులో ఒకడు కడుపునొప్పి అన్నాడని చెప్తే ఏ పీరియడని అడగలేదు. "పడుకోనియ్యవే వాణ్ణి. అబద్ధమైతే ఒక లెక్క పోతుంది. నిజమైతే?" అన్నాడు.

మొన్న ఆయన్ని వరండాలో పడుకోబెట్టారు. కుడివైపు గోడ ఉంది. వచ్చినవాళ్ళు వచ్చినట్టు దండలన్నీ ఎడమవైపే వేస్తున్నారు. ఇస్త్రీ చొక్కా ఆ బరువుకి పక్కటెముకలకి అతుక్కుపోయింది. చూస్తూ ఉండలేక దండలు తీసి కాళ్ళ దగ్గర పెట్టడం మొదలుపెట్టాను. "ఏంటమ్మా అది? పోయిన మనిషికి ఏం తెలుస్తుంది!" అని ఒక పెద్దాయన కసిరాడు. నిజమే, నా దగ్గర రుజువేముంది? చేతిలో దండతో అలాగే నిలబడిపోయాను.

అప్పుడు వచ్చాడు పెనుగంచిప్రోలు రైతు. ఆటో దిగి తిన్నగా వచ్చి, నన్నూ నా చేతిలో దండనీ చూశాడు. తను తెచ్చిన దండ పెదనాన్న పాదాల మీద పెట్టాడు. తర్వాత పక్కన గొంతుక్కూర్చుని, బొటనవేలు, చూపుడువేలు కలిపి ఆ చొక్కాని పక్కటెముకల మీంచి కాస్త పైకెత్తి, పాడె లేపేదాకా అలాగే పట్టుకుని కూర్చున్నాడు.