బాత్రూమ్ మొత్తం నేనే చేస్తానన్నాను!

మొన్న శుక్రవారం మధ్యాహ్నం పటమటలో ఒక అపార్ట్‌మెంట్‌లో, ముప్పావు గంట పాటు గోడకి బొటనవేలు అదిమిపెట్టి నిలబడ్డానండీ. వేలు తీస్తే వరద! నవ్వకండి. ముందు టీ అందుకోండి, మొత్తం చెప్తాను.

నేను టైల్స్ మేస్త్రీని. మాది కొండపల్లి, పనులన్నీ బెజవాడలో. పద్దెనిమిదేళ్లుగా ఇదే పని. ఒకప్పుడు బాత్రూమ్ పనంటే ఒక పద్ధతి ఉండేది. ప్లంబర్ వచ్చి గోడలో పైపులు వేసి వెళ్లేవాడు. తర్వాత మేం టైల్స్ వేసేవాళ్లం. మళ్లీ ప్లంబర్ వచ్చి కుళాయిలు బిగించేవాడు. ఎవరి పని వాళ్లది. ఇప్పుడో? ప్లంబర్‌ని పిలిస్తే "టైల్స్ కూడా మేమే వేసేస్తామండీ" అంటున్నాడు. ఎలక్ట్రీషియన్ అదే మాట. ఆమధ్య గన్నవరంలో అల్మారాలు చేసే కార్పెంటర్ కూడా "బాత్రూమ్ నాకొదిలేయండి" అన్నాట్ట! నాకు ఒళ్లు మండదా?

అలా మండుతున్న టైంలోనే ఆరోగ్యమ్మ టీచర్ గారు ఫోన్ చేశారు. ఆవిడ రిటైరైన టీచర్. భర్త జోజి గారికి మోకాలి ఆపరేషన్. వాళ్ల బాత్రూమేమో పాత రకం, కింద కూర్చునేది. ఆయన ఇక కింద కూర్చోకూడదన్నారు డాక్టర్లు. పది రోజుల్లో ఆయన ఇంటికొచ్చేస్తారు. ఈలోపల వెస్టర్న్ కమోడ్, కాలు జారని టైల్స్, పట్టుకుని లేవడానికి గోడకి స్టీల్ రాడ్లు, అన్నీ అయిపోవాలి.

వెళ్లేసరికి హాల్లో సోఫాలో ప్లంబర్ దుర్గారావు కూర్చుని బిస్కెట్ తింటున్నాడు. నాకు పదేళ్లుగా తెలుసు, మంచి పనివాడే. కానీ ఆ రోజు ఆ బిస్కెట్ తినే తీరే నాకు నచ్చలేదు.

"టీచర్ గారూ, మొత్తం నేను చూసుకుంటా. టైల్స్‌దేముందండీ, కవర్ మీద స్టాంప్ అంటించినట్టే" అన్నాడు.

స్టాంపా! పద్దెనిమిదేళ్ల నా సర్వీసుని స్టాంప్ చేసేశాడు!

"అలాగైతే పైపులదేముందండీ?" అన్నాను నేను. "ఇక్కడ గమ్ము రాయడం, అక్కడ తోయడం. చిన్నపిల్లల ఆట. ఇద్దరెందుకు టీచర్ గారూ? ప్లంబింగూ నేనే, టైల్సూ నేనే. ఎనిమిది రోజుల్లో తాళం చేతికిస్తా."

బాత్రూమ్‌కి తాళం ఎందుకో నాకూ తెలీదు. ఊపులో వచ్చేసింది. టీచర్ గారు నా వంకా, వాడి వంకా కళ్లజోడు పైనుంచి చూశారు. "ఎనిమిది రోజులు అన్నారుగా, మీరే చేయండి మేస్త్రీ గారూ" అన్నారు. దుర్గారావు లేచి, వెళ్తూ వెళ్తూ "అన్నా, పైపులేశాక టైల్స్ వేసే ముందు ఫోటో తీసి పెట్టుకో" అన్నాడు. ఓడిపోయినవాడి ఏడుపు అనుకున్నాను.

ఇంటికెళ్లి మా ఆవిడకి చెప్తే, "మన వంటింట్లో కుళాయి మూడు నెలల నుంచి కారుతోంది, అది బాగుచేసి వెళ్లండి ముందు" అంది. ఆడవాళ్లకి బిజినెస్ తెలీదు.

పని మొదలైంది. పైపులేమో రాత్రి ఫోన్‌లో వీడియోలు చూసి, పొద్దున వేసేవాణ్ణి. నిజంగానే కష్టమనిపించలేదు. ఇక టైల్స్ వేస్తుంటే నా చేతులకి ప్రాణం లేచొచ్చింది. లేత నీలం టైల్స్, నడుమ తామరపువ్వు డిజైన్. ఒక్క చోటే ఇబ్బంది. ఆ బాత్రూమ్ నీళ్లు ఆపే పాత వాల్వ్ ఒకటి గోడలో ఉంది. కొలిచి చూస్తే సరిగ్గా తామరపువ్వు నడిబొడ్డులో వస్తోంది! అంత అందమైన పువ్వులోంచి తుప్పుపట్టిన పిడి బయటికొస్తే ఎలా ఉంటుంది చెప్పండి? ఎప్పుడు తిప్పుతారులే దాన్ని అనుకున్నాను. పిడి ఊడదీసి, దాని మీద టైల్ అతికించేశాను. పువ్వు అదిరిపోయింది.

ఫోటోనా? తీశాను. పువ్వుకి.

శుక్రవారం ఎనిమిదో రోజు. స్టీల్ రాడ్లు బిగిస్తే అయిపోయినట్టే. చిన్న పనేగా అని ఒక్కణ్ణే వచ్చాను. టీచర్ గారు జోజి గారిని తీసుకురావడానికి ఆసుపత్రికి వెళ్తూ, "రెండింటికల్లా వచ్చేస్తాం బాబూ" అన్నారు. ఆవిడ అటు వెళ్లగానే నేనేం చేశానో తెలుసా? దుర్గారావుకి ఫోన్ చేశాను. "తమ్ముడూ, ఖాళీ ఉంటే ఒకసారి వచ్చి చూసిపో. నేర్చుకుంటావు" అన్నాను. వాడు "సంతోషం అన్నా" అని పెట్టేశాడు.

డ్రిల్ మెషిన్ తీశాను. కమోడ్ పక్కన మొదటి చిల్లు, సూపర్. రెండో చిల్లు, సూపర్. మూడో చిల్లు... గోడ ఎదురు ఉమ్మింది! నేను వేసిన పైపుకే చిల్లు పెట్టాను.

సన్నటి ధార కాదండీ. తాడులా వచ్చి నా కంట్లో కొట్టింది! డ్రిల్ బయటికి విసిరేశాను, దేవుడి దయ, షాక్ కొట్టలేదు. చటుక్కున కుడిచేతి బొటనవేలు చిల్లుకి అదిమేశాను. ఆగింది. ఊపిరి పీల్చుకున్నాను. ఇక వాల్వ్ కట్టేస్తే చాలు అని తలెత్తి చూశాను.

ఎదురుగా తామరపువ్వు.

అరిచాను. ఎవరూ రాలేదు. వేలు కొంచెం వదులు చేస్తే చాలు, పక్కనుంచి చిమ్మి చెవిలో కొడుతోంది. ఎడం చేత్తో జేబులోంచి ఫోన్ తీశాను. తడి వేలికి స్క్రీన్ పలకదు. చివరికి ముక్కుతో నొక్కాను. ముక్కుకి ఏ నంబర్ వస్తే దానికేగా? చివరగా ఎవరికి చేశాను? అవును, దుర్గారావుకే.

"అన్నా! నేర్చుకోడానికి వద్దామనే బయల్దేరుతున్నా" అన్నాడు.

"తమ్ముడూ, కొంచెం తొందరగా రా."

"ఏంటి, గొంతు తడిగా ఉంది?"

"రారా బాబూ!"

పావుగంటకి వచ్చాడు. గుమ్మంలో నిలబడి నన్ను పైనుంచి కిందదాకా చూశాడు. నవ్వలేదు. నవ్వినా బాగుండేది. "వాల్వ్ ఎక్కడన్నా?" అన్నాడు. నేను గడ్డంతో పువ్వుని చూపించాను. వాడు పువ్వు దగ్గరికెళ్లి, వేళ్లతో తట్టి, చెవి ఆనించి, "బాగా అతికించావు" అన్నాడు. పనివాడు పనివాణ్ణి మెచ్చుకునే టైమా అది!

ఇక దారి ఒకటే. టెర్రస్ మీద ట్యాంక్ దగ్గర బిల్డింగ్ మొత్తానికీ ఉన్న మెయిన్ వాల్వ్ కట్టేయాలి. వాడు పైకెళ్లి కట్టేశాడు. కానీ పైపులో మిగిలిన నీళ్లు దిగేదాకా వేలు తీయొద్దన్నాడు. అదిగో, సరిగ్గా అప్పుడు మొత్తం బిల్డింగ్ మేలుకుంది. మూడో అంతస్తు ఆయన తువ్వాలు చుట్టుకుని, తలనిండా షాంపూ నురగతో దిగొచ్చారు. "నీళ్లెవరండీ ఆపింది?" అని కళ్లు మూసుకునే అడుగుతున్నారు. పక్క ఫ్లాట్ ఆవిడ అంట్ల గిన్నెతో వచ్చింది. అందరూ బాత్రూమ్ గుమ్మం దగ్గర చేరి నన్నే చూస్తున్నారు. నేను గోడకి వేలు ఆనించి, అందరికీ ఎడం చేత్తో నమస్కారం పెట్టాను.

వాళ్ల వెనకాలే లిఫ్ట్ తెరుచుకుంది. జోజి గారు! వాకర్ పట్టుకుని, ఒక్కో అడుగే వేస్తూ, వెనకాల టీచర్ గారితో. ఆయన మొహం చూస్తే తెలిసిపోయింది, ఆసుపత్రిలో బయల్దేరినప్పటి నుంచీ ఆపుకుని వస్తున్నారు.

"రెడీయేనా బాబూ?" అన్నారు.

 అప్పటిదాకా నవ్వులాటగా ఉన్న మనసు ఒక్కసారి కుంచించుకుపోయింది. మనమేదో పంతానికి పోయాం, పాపం ఈయనేం చేశారు? పక్క ఫ్లాట్ ఆవిడ అంట్ల గిన్నె కింద పెట్టి, "మా ఇంట్లో వెస్టర్నే అన్నయ్య గారూ, బకెట్లో నీళ్లున్నాయి, రండి" అని వాకర్ పక్కనే నడిపించుకెళ్లింది. ఆవిడకి నా రెండు చేతులా దండం. అప్పుడు మాత్రం ఒక చెయ్యే ఖాళీగా ఉంది.

కాసేపటికి జోజి గారు తేలికపడ్డ మొహంతో వచ్చి కుర్చీలో కూర్చున్నారు. ఆయన పవర్ ప్లాంట్‌లో చేసి రిటైరయ్యారట. "ముప్పై ఏళ్లు వాల్వుల మధ్యే బతికాను. లీకైనవి చూశాను, పేలినవి చూశాను. పువ్వు పూసింది మాత్రం ఇదే మొదటిసారి" అన్నారు. ఇక ఆగలేదండీ, షాంపూ ఆయనతో సహా అందరూ ఒకటే నవ్వు. దుర్గారావు గోడ పట్టుకుని మరీ నవ్వాడు.

"పైపు నేను అతికిస్తాలే అన్నా. టైల్ మాత్రం నువ్వే పగలగొట్టుకో, నాకు చేతులు రావు" అన్నాడు.

నా పువ్వుని నేనే సుత్తితో కొట్టాను. ఒక్క దెబ్బకి విరగలేదు. అంత గట్టిగా అతికించానన్నమాట! దుర్గారావు ఇరవై నిమిషాల్లో పైపు బాగుచేసి, వాల్వ్‌కి కొత్త పిడి పెట్టాడు. సాయంత్రానికి నేను కొత్త టైల్స్ కోసి, ఆ పిడి చుట్టూ గుండ్రంగా సరిపెట్టాను. కిందామీదా పడి జోజి గారికి ఆ రాత్రికల్లా బాత్రూమ్ అందింది.  టీచర్ గారు మా ఇద్దరికీ ఒకే ప్లేట్లో బిస్కెట్లు పెట్టారు, అంతే.

ఇప్పుడు ఆ బిల్డింగ్‌లో నా పేరు అందరికీ తెలిసిపోయింది. నిన్న ఆ షాంపూ ఆయనే ఫోన్ చేశారు.

"మేస్త్రీ గారూ, మా బాత్రూమ్ కూడా మార్పించాలండీ. ప్లంబింగ్‌కి దుర్గారావుని మాట్లాడాను. టైల్స్ మీరు వేస్తారా?"

"తప్పకుండా అండీ!"

 ఆయన గొంతు తగ్గించి అడిగారు.

"మరి... మిగతా పనుల్లో వేలు పెట్టరు కదా?"