ముల్లు ఎత్తేసిన పాట

ఆ రోజుల్లో రేడియోలో పాట వేయడమంటే మీట నొక్కి చేతులు దులుపుకోవడం కాదు. రెండు టర్న్‌టేబుళ్లుండేవి. ఒకదాని మీద పాట ఊరంతా వింటూంటే, రెండోదాని మీద తర్వాతి రికార్డు పెట్టి, హెడ్‌ఫోన్‌లో పాట మొదలయ్యే చోటు వెతికి, అర చుట్టు వెనక్కి తిప్పి ఆపుకోవాలి. ఇప్పుడు వాటిని అలంకారానికి ఇళ్లల్లో పెట్టుకుని 'ఎంత బాగున్నాయో' అని మురిసిపోయేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. (వాటివల్ల పని పోగొట్టుకున్నవాళ్లెవరూ అలా అనరు.)

నేనప్పుడు నెలకు నాలుగైదు డ్యూటీలు దొరికే క్యాజువల్ అనౌన్సర్ని. నాయన ఉదయగిరిలో చెక్క గరిటెలు చెక్కేవాడు. పక్కన కూర్చుని చెక్కే మామ రోజూ ఆయన్ని దెప్పిపొడిచేవాడట, "ఏందిరా, నీ కూతురు ఊళ్లోవాళ్లందరి పేర్లూ చదవతాది, నీ పేరు మాత్రం నోటికి రాదా?" అని. నాయన పంతం పట్టి, కోరిన పాటల కార్యక్రమానికి వారం వారం కార్డు రాసేవాడు. మనింటివాళ్ల ఉత్తరం మనం చదవకూడదని మా స్టేషన్లో కట్టుబాటు. నేను ప్రతి కార్డునూ ఉత్తరాల కట్ట అడుగున దాచేదాన్ని.

ఒకరోజు మనసాగలేదు. చదివేశాను. 'ఉదయగిరి నుంచి' అని మొదలుపెట్టి, నాయన పేరు మంత్రిగారి పేరు చదివినంత గొప్పగా చదివి, పాట వదిలాను. ఆ సంబరంలో, అయిపోయిన రికార్డు మీది ముల్లు ఎత్తబోయి మోగుతున్నదాని ముల్లు ఎత్తేశాను. జిల్లా మొత్తం నిశ్శబ్దం. గాజు అవతల మా ఆఫీసరు లేచి నిలబడ్డాడు. లోపలికొచ్చి కార్డు మీది ఇంటిపేరు చూశాడు. "ముల్లు తప్పయితే పోనీలే అనుకునేవాణ్ణమ్మా. ఇదేంటి?" అన్నాడు. ఆ తర్వాత నాకు డ్యూటీ రాలేదు.

వారం తిరక్కుండానే నాయన ఆత్మకూరు మీదుగా బస్సెక్కి మా హాస్టలుకొచ్చాడు, చేతిలో కొత్త గరిటెతో.

"నా పేరు చెప్పినావమ్మా, అందరం విన్నాం. పాట మొదలయ్యేటప్పటికి రేడియోలో పాడు సెల్లులు అయిపోయినాయి. ఇంకోసారి చెప్తావా?"

"చెప్తాను నాయనా," అన్నాను. పని పోయిందని చెప్పడానికి నోరు రాలేదు. ఇంకోసారి రానే లేదు. టర్న్‌టేబుళ్లను ఏ గోదాములోకో తోశారు, నేను బడిలో టీచరునయ్యాను. కొన్నేళ్లకు నాయన పోయాడు.

దినాల రోజున మామ పక్కనే కూర్చుంటే, ఆ సెల్లుల సంగతి ఎత్తాను.

"సెల్లులా? మా కొట్టంలోది కరెంటు రేడియో గదమ్మా! పాట ఆగినాక మళ్లా మోగింది గదా. అమ్మాయి చెయ్యి వణికినట్టుండాది, ఎవురూ నవ్వబాకండి అన్నాడు మీ నాయన."

నాయన చెప్పిన ఆ అబద్ధాన్ని నేను అన్నేళ్లు నమ్మాను. అబద్ధమాడుతున్నది నేనొక్కదాన్నే అనుకున్న ఆ తెలివైన అనౌన్సరమ్మ గుర్తొస్తే ఇప్పటికీ నవ్వొస్తుంది. ఆ గరిటెతో అన్నం వడ్డించుకునేటప్పుడు మాత్రం రాదు.