ఎస్తేరు మేడం రాయనివ్వని మాట

మొన్న ఆఫీసు లిఫ్టులో ఎవరో లవంగం నములుతున్నారు. ఆరుగురం ఉన్నాం, ఎవరో తెలియలేదు. ఆ వాసనకు మూడో అంతస్తులో దిగాల్సినవాణ్ని తొమ్మిది దాకా పోయాను. హైటెక్ సిటీలో ఈ ఉద్యోగంలో చేరినప్పుడు నాకు పై అధికారి ఎస్తేరు రాణి గారు. గొంతు పట్టేయకుండా ఎప్పుడూ బుగ్గన ఒక లవంగం పెట్టుకునేవారు. ఉద్యోగం విరమించి బాపట్ల వెళ్లిపోయి నాలుగేళ్లయినా, ఏ కాగితం రాయబోయినా నాకు ముందు ఆవిడే గుర్తొస్తారు.

మా విభాగం పని ఉద్యోగులకు ల్యాప్‌టాప్‌లు ఇవ్వడం, పాడైతే మార్చడం, పోతే రిపోర్టు రాయడం. ఇంజనీరింగ్ చదివి ఛార్జర్లు పంచుతున్నానని నాకు లోలోపల ఉక్రోషం. పైగా నా ఇంగ్లీషు మీద నాకు కొండంత నమ్మకం. మేడం అంతకు ముందు పదేళ్లు, అమెరికా డాక్టర్లు మాట్లాడి పంపిన రికార్డింగులు విని రోగుల రిపోర్టులు టైపు చేసే ఉద్యోగం చేశారట. "ఏక్ అన్నా, పెయిన్ అన్నా, సోర్ అన్నా మనకు నొప్పే నాయనా. డాక్టరు మాత్రం మూడింటికీ ఒకే మందు రాయడు. నేను ఒకటి బదులు ఇంకోటి కొడితే, ఎప్పుడూ చూడని మనిషి ఒంట్లోకి తప్పుడు మందు పోతుంది," అనేవారు. అందుకే మా దగ్గర ఒక ఆచారం పెట్టారు. ఏ మెయిలైనా వెళ్లే ముందు ఆవిడ బల్ల దగ్గర నిలబడి, కళ్లతో చూసింది తెలుగులో చెప్పాలి. ఆ తరువాతే ఇంగ్లీషు. బడిపిల్లల్లా ఈ అప్పజెప్పడాలేమిటని మేం వెనక నవ్వుకునేవాళ్లం.

ఒకసారి ఉద్యోగం మానేసిన ఒకాయన ల్యాప్‌టాప్ తిరిగివ్వలేదు. 'రెఫ్యూజ్డ్ టు రిటర్న్' అని ఠీవిగా రాసి తీసుకెళ్లాను. "ఇవ్వనన్నాడా, ఇవ్వలేదా?" అని అడిగారు మేడం. రెండు మెయిళ్లకూ జవాబు లేదన్నాను. "జవాబు లేదన్నది నీకు తెలుసు. నిరాకరించాడన్నది నువ్వు కల్పించావు. ఫోన్ చెయ్యి." చేశాను. అవతల ఆయన తండ్రిని దవాఖానలో పెట్టుకుని, వారం నుంచి మెయిలే తెరవలేదట. మర్నాడే మనిషిచేత ల్యాప్‌టాప్ పంపించాడు. నాకు సిగ్గేసింది. అయినా బుద్ధి రాలేదని చెప్పాలి.

ఎందుకంటే ఆ తరువాతే అసలు పాపం చేశాను. ఒక మేనేజరు తన ల్యాప్‌టాప్ రాత్రి బల్ల మీద వదిలి వెళ్తే పొద్దున్నకు లేదు. ఆయనకు సాయంత్రం మీటింగు. మా రిపోర్టు ఫారంలో మూడు మాటలుండేవి, లాస్ట్, స్టోలెన్, మిస్సింగ్. మిస్సింగ్ అని పెడితే మూడు రోజులు వెతకాలి. స్టోలెన్ అని పెడితే అదే రోజు కొత్తది వస్తుంది. కాబట్టి మేడం లేని పూటల్లో, తొందరున్న ప్రతివాడికీ మేం కళ్లు మూసుకుని స్టోలెనే పెట్టేవాళ్లం. మేడం ఆ పూట సెలవు. అప్పజెప్పడం తప్పిందన్న సంతోషంతో నేనూ అదే నొక్కాను. మేనేజరు నా భుజం తట్టి వెళ్లాడు.

ఆ మాట సెక్యూరిటీ వాళ్ల దగ్గర ఏం చేస్తుందో అప్పటిదాకా నాకు తెలియదు, ఎప్పుడూ అడగనూ లేదు. దొంగతనం అంటే, ముందు రోజు ఆ అంతస్తు ఊడ్చినవాళ్ల గేటు కార్డు విచారణ అయ్యేదాకా ఆపేస్తారు. మర్నాడు పొద్దున హఫీజ్‌పేటలో రైలెక్కి పనికొచ్చిన యాదమ్మను గేటు దగ్గరే ఆపేశారు. అప్పటికి రెండేళ్లుగా మా అంతస్తు తుడుస్తున్న మనిషి. విచారణ మొదలైతే ఆమె పని పోయినట్టేనని, అక్కడ పోతే చుట్టుపక్కల ఏ ఆఫీసులోనూ తీసుకోరని గార్డే చెప్పాడు.

మేడం వచ్చి ఫారం చూశారు. నన్ను తిట్టలేదు. "లాస్ట్ అంటే ఒకరు పోగొట్టారని. స్టోలెన్ అంటే ఒకరు తీశారని. ఆ రెండు మాటల్లోనూ ఒక మనిషి ఉన్నాడు. మిస్సింగ్ అంటే ఉండాల్సిన చోట లేదని, అంతే. అందులో మనిషి లేడు. నువ్వు మనిషిని చూశావా?" లేదన్నాను. సరే రమ్మని నన్ను వెంటబెట్టుకుని నేరుగా అడ్మిన్ పెద్దాయన గదికి వెళ్లారు.

"రిపోర్టులో తప్పు మాట పడిందండి. మార్చాలి," అన్నారు.

"ఇప్పుడు మారిస్తే మన పరువేం కావాలి? ఎలాగూ దొరకలేదు కదా," అన్నాడాయన.

"దొరకలేదన్నది నిజమండి. ఎవరో తీశారన్నది నాకు తెలియదు. తెలియని మాట నా బల్ల మీంచి వెళ్లింది. తప్పు నాది. నా పేరే రాసుకోండి."

నా తప్పుకు ఆవిడ పేరు. నేను పక్కనే ఉన్నాను. ఆ ఏడు ఆవిడకు రావలసిన ప్రమోషన్ రాలేదు. దీనివల్లే అని నేను రాయకూడదు, నాకు తెలియదు. రాలేదని మాత్రం తెలుసు.

రిపోర్టులో మాట మిస్సింగ్ అని మారింది, మధ్యాహ్నానికి యాదమ్మ కార్డు మళ్లీ పనిచేసింది. గేటు దగ్గరకు నన్నే పంపారు, చేసింది చెప్పి రమ్మని. యాదమ్మ మెట్ల మీద టిఫిన్ డబ్బా ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. మొత్తం చెప్పి, "నీ పేరైతే నేను రాయలేదమ్మా," అన్నాను.

"నా పేరు రాయకున్నా నన్నే ఆపిండ్రు గద సారూ," అంది యాదమ్మ. "జర సూసి రాయుండ్రి." లేచి లోపలికి పోయింది. మేడం పదిసార్లు చెప్పినా తలకెక్కనిది ఆ మెట్ల మీద ఎక్కింది.

సాయంత్రం ఉండబట్టలేక మేడాన్ని అడిగాను. "ఒకవేళ నిజంగా ఆమే తీసి ఉంటే?"

ఆవిడ తల కూడా ఎత్తలేదు. "తెలిసిన రోజు ఆ మాటే రాద్దాం నాయనా. ఇవాళ తెలియదు కదా."

యాదమ్మ మంచిదని ఆవిడ నమ్మడం వల్ల ఆ గదిలోకి వెళ్లారనుకున్నాను నేను. కాదు. మంచో చెడో తెలియని మనిషి కోసం వెళ్లారు. అంత ఎత్తు మనిషి పక్కన ఇన్నాళ్లు కూర్చుని ఛార్జర్లు లెక్కపెట్టానా అనిపించి ఒళ్లు జలదరించింది. ఇప్పటికీ తలచుకుంటే అలాగే అవుతుంది.

ఇప్పుడు ఆ విభాగం నేను చూస్తున్నాను. ఆ ల్యాప్‌టాప్ ఈనాటికీ దొరకలేదు. ఏటా ఆడిట్‌కు వచ్చినవాళ్లు ఆ ఒక్క వరుస దగ్గర ఆగుతారు. ఇన్నేళ్లు మిస్సింగ్ ఏమిటండీ, స్టోలెన్ అని పెట్టేస్తే మీకూ మాకూ గొడవ వదులుతుంది కదా అంటారు. ఎవరు తీశారో మాకు తెలియదండీ అంటాను. ఆ మాటే కాగితం మీద రాసి, కింద నా పేరుతో సంతకం పెడతాను.