నా చేతి బెల్లం, గుర్రాల జ్వరం

ఇరవై మూడేళ్ళ వయసులో మనిషికుండే తెలివి మీద నాకిప్పుడు పెద్ద గౌరవం లేదు. ఆ రోజుల్లో మాత్రం బరంపురం మొత్తానికి బుర్ర ఉన్నదాన్ని నేనొక్కదాన్నే అనుకునేదాన్ని. పురుషోత్తంపూర్ నుంచి వచ్చి పశువుల ఆసుపత్రిలో కాంట్రాక్టు ఉద్యోగంలో చేరి నెల తిరగలేదు, ఊళ్ళో పెళ్ళి గుర్రాలకు అంటు జబ్బు వచ్చిపడింది. ముందు జ్వరం, తర్వాత నరాలు దెబ్బతిని వెనక కాళ్ళు తూలడం. కింద పడ్డ గుర్రం మళ్ళీ లేవడం కష్టం. ముక్కుల నుంచి కారేదానితో, నీళ్ళ తొట్లతో, చేతులతో అంటుకుంటుంది కాబట్టి ఇరవై ఒక్క రోజులు ఏ గుర్రమూ శాల దాటకూడదన్నారు. రోజూ పొద్దున్నే స్కూటీ మీద శాలలన్నీ తిరిగి జ్వరం చూసి నోటుబుక్కులో రాసుకోవడం నా పని.

అది పెళ్ళిళ్ళ సీజను. నేను చెప్పినదానికల్లా గుర్రాలవాళ్ళు "హఉ, హఉ" అని తలూపేవారు (మా వైపు ఆ మాటకు సరేనని అర్థం, చేస్తామని మాత్రం కాదు). ఒకాయన గుర్రాన్ని మినీ లారీలో గడ్డి వెనక దాచి భంజనగర్ పెళ్ళికి తోలేశాడు. ఇంకో ఊరేగింపును నేనే నడిరోడ్డు మీద ఆపాను. పెళ్ళికొడుకు మేనమామ నా మీదకొచ్చాడు.

"ఆడికి జొరం నేదు కదమ్మా!"

"పెళ్ళికొడుక్కి కాదండీ, గుర్రానికి!"

"గుర్రమేటి తాళి కడతాదేటి?"

ఈలోగా బ్యాండువాళ్ళు ఇంకో పాటెత్తుకున్నారు. నేను ఏడుపొక్కటే తక్కువగా ఇంటికి వచ్చాను.

నా మాట విన్నది ఒక్క పిన్నే. వరసకు కాదు, అందరికీ ఆవిడ పిన్నే. భర్త పోయాక లచ్చిమి అనే ఒక్క ఆడగుర్రం మీద బతుకుతోంది. వచ్చిన పెళ్ళిళ్ళన్నీ వద్దనుకుని దాన్ని కట్టేసి కూర్చుంది. ఆ శాలల్లో ఒక పద్ధతుంది: కొత్త మనిషి ఉత్త చేతుల్తో గుర్రం మొహం ముట్టకూడదు. అందుకని నేను ప్రతి గుర్రానికీ అరచేతిలో బెల్లం పెట్టేదాన్ని. అది చెయ్యంతా నాకేది, నేను చున్నీకి తుడుచుకుని పక్క శాలకు వెళ్ళేదాన్ని. (థర్మామీటరు మాత్రం ప్రతిసారీ స్పిరిట్‌తో తుడిచేదాన్ని. అంతవరకు చదువు అబ్బింది.)

పన్నెండో రోజు లచ్చిమికి జ్వరం వచ్చింది. నాకు ఒళ్ళు మండిపోయింది.

"ఏ పెళ్ళికి పంపావు పిన్నీ? నిజం చెప్పు!"

"నానెక్కడికీ పంపనేదు. ఏదీ, నీ బుక్కు సదువు."

జ్వరాలు వచ్చిన వరస చదివాను. ముందు మిట్ట మీది శాల, తర్వాత రైల్వే గేటు దగ్గరిది, ఆ తర్వాత సందులోది.

"ఇప్పుడు నాది. రోజూ నువ్వొచ్చీ దారే గదా, డాక్టరమ్మా? నా గుమ్మం తొక్కింది నువ్వొక్కదానివే."

నేను డాక్టర్ని కాదు. అలా పిలిస్తే ఎన్నడూ కాదనలేదు. ఆ రోజు మొదటిసారి సిగ్గేసింది. చేతిలో బెల్లం అప్పుడే కరిగి జిగటగా అంటుకుంటోంది.

ఆసుపత్రిలో పెద్ద డాక్టరుగారికి చెప్పేశాను. తర్వాత శాల శాలకూ వెళ్ళి గేటు బయట నిలబడి అందరికీ చెప్పాను. (అందరికన్నా గట్టిగా తిట్టింది మినీ లారీ ఆయన.) ఆ రోజు నుంచి ఎవరి గుర్రానికి వాళ్ళే జ్వరం చూసి కేకేసి చెప్పేవారు, నేను బయటి నుంచే రాసుకునేదాన్ని. కొత్త జ్వరాలు ఆగాయి. కానీ లచ్చిమి వెనక కాళ్ళు అప్పటికే తూలడం మొదలైంది. పిన్ని గోనెసంచులు కుట్టి దాని పొట్ట కింద నుంచి దూలానికి కట్టి, తొమ్మిది రోజులు పక్కనే కూర్చుంది. గుర్రం పడిపోతే అంతే. నేను రోజూ గేటు దగ్గర నిలబడి, ఏమీ చేయలేక, వెళ్ళిపోయేదాన్ని.

పదో రోజు లచ్చిమి తన కాళ్ళ మీద తాను నిలబడింది. బతికింది గానీ నడుం ఊగుతూనే ఉండిపోయింది, ఇక పెళ్ళికొడుకుని మోయలేదు. ఆంక్షలు ఎత్తేసిన రోజు కూడా నాకు లోపలికి అడుగు పడలేదు.

"సూడు, నిన్ను సూసి సెవులాడిస్తంది. దానికి నీ మీద కోపం నేదు," అంది పిన్ని. దాని జూలు దువ్వుతూ, "నాకుంది. లోనికి రా, టీ తాగీసి ఎల్లు," అంది.

పిన్నికి ఇప్పుడు ఇడ్లీ బండి ఉంది. లచ్చిమి ఇంటి వెనక గడ్డి తింటూ, పని లేకుండా, దర్జాగా ఉంది. బరంపురం వెళ్ళినప్పుడల్లా అక్కడ టీ తాగుతాను. ఆనాటి తెలివైన అమ్మాయిని తలుచుకుని నాలో నేను నవ్వుకుని, పిన్ని కోపం తగ్గిందేమోనని మొహం చూస్తాను. తగ్గలేదు. నాకిష్టమని టీలో అల్లం మాత్రం కాస్త ఎక్కువ వేస్తుంది.