మూడు వేళ్ళ సందు

ప్రొద్దుటూరులో తిప్పన్న గురించి చెప్పుకునేది మీరు నమ్మకండి. పులివెందులలో నడిబజారులో ఒక పెద్దింటివాళ్ళ కారుకు అడ్డం పడి, ధగధగలాడే కొత్త చక్రాలు ఊడబీక్కొని పోయాడంట, కుళ్ళుబోతు అని కొందరంటారు. పాపం మతి తప్పింది అని ఇంకొందరంటారు. చక్రాలు ఊడదీసిన మాట నిజమే. మిగతాదంతా టీ అంగళ్ళ దగ్గర అల్లిన కథ.

తిప్పన్నది ముద్దనూరు పక్కన పల్లె. వాళ్ళ నాయన గొర్రెల కాపరి. సంతలో పొట్టేలును కొనాలంటే ఆయన వెంటనే దగ్గరికి పోయేవాడు కాదు. దూరంగా మడమల మీద గొంతుక్కూర్చొని, అది నిలబడిన తీరు చూసేవాడు. కాళ్ళు ఎంత ఎడంగా ఉన్నాయి, వెనక తొడలు ఎంత నిండుగా ఉన్నాయి అన్నీ చూసి, చివరన ఒక మాట అనేవాడు: "ఏదీ, ఒగ సుట్టు నడిపించు." నడిపించి చూడకుండా ఆయన ఒక్క జీవాన్ని కూడా ఇంటికి తోలుకు రాలేదు.

ఆ కన్నే తిప్పన్నకు వచ్చింది. ప్రొద్దుటూరు నుంచి జమ్మలమడుగు పోయే రోడ్డులో టైర్ల అంగడి పెట్టి ఇరవై రెండేళ్ళయింది. చదివింది నాలుగో తరగతే అయినా టైరు మీద ఉండే అంకెలు ఆయనకు నోటికి వచ్చు. కారుకు పెద్ద చక్రాలు కావాలని ఎవరైనా వస్తే, ముందు అట్టపెట్టెలు కోసి గుండ్రంగా బిళ్ళలు చేస్తాడు. ఒక్కో సైజు బిళ్ళను చక్రానికి ఆనించి నిలబెట్టి, రోడ్డు దాటి అవతలి పక్క గొంతుక్కూర్చొని చూస్తాడు. తర్వాత వచ్చి, టైరుకూ పైన మడ్‌గార్డు రేకుకూ మధ్య వేళ్ళు దూర్చి సందు కొలుస్తాడు. చక్రాలు బిగించాక నాయన మాట మాత్రం మరిచిపోడు. పక్కనున్న టీ అంగడిలో నలుగురిని పిలిచి, కారు నిండా కూర్చోబెట్టి, రోడ్డు గతుకు మీద ఎక్కించి దించుతాడు. టైరు రేకుకు తగల్లేదంటేనే తాళం చేతికిస్తాడు.

ఇరవై రెండేళ్ళలో ఒక్కసారి ఆ పని చేయలేదు. కథంతా ఆ ఒక్కసారిదే.

బంగారం అంగడి రాఘవేంద్రప్రసాద్ బెంగళూరు నుంచి ఒక ఎర్ర స్పోర్ట్స్ కారు తెచ్చాడు. ఎవరో వాడి అమ్మిందే అయినా రెండే తలుపులతో, నేలకు ఆనినట్టు ఉండే బండి. వెనక ఇద్దరు ముడుచుకొని కూర్చునేంత చోటు, దానికి మీగడ రంగు తోలు సీట్లు. తెల్ల కార్లూ, లారీలూ తప్ప వేరే ఎరగని తిప్పన్న అంగడి ముందు అది ఆగేసరికి ఆయనకు చేతులు ఆడలేదు.

"ఎట్లుందప్పా మన గుర్రం?" అన్నాడు రాఘవేంద్రప్రసాద్.

"గుర్రం శానా బాగుంది. కాళ్ళే దూడకాళ్ళు" అన్నాడు తిప్పన్న.

"అందుకే గదా నీకాడికి తెచ్చిండేది. ఏం జేస్తావో చెయ్. జూసినోడు నోరు మూయగూడదు."

ఉన్న చక్రాలు పదిహేడు అంగుళాలవి. రేకు కింద మూడు వేళ్ళ సందు. తిప్పన్న అరుగు మీద సుద్దముక్కతో అంకెలు వేసి చెప్పాడు: "టైరు మింద మూడు లెక్కలుంటాయప్పా. మొదటిది ఎడల్పు. నడిమిది పక్కగోడ ఎత్తు, ఎడల్పులో నూటికి ఇంత అని. కడాది లోపలి రిమ్ము ఎన్ని అంగుళాలని. రిమ్ము పెంచితే గోడ తగ్గించాల. మొత్తం ఎత్తు మారగూడదు. మారిందంటే మీటరు కూడా తప్పు జూపిస్తాది."

"మరి ఏది ఎయ్యాల?"

"పద్దెనిమిది రిమ్ము, రెండువందల నలభై అయిదు ఎడల్పు, నలభై గోడ. ఎత్తు పాతదే. సందు మూడు వేళ్ళే ఉంటాది గానీ రిమ్ము నిండుగా కనపడ్తాది. తంటా లేదు."

అట్ట బిళ్ళ పెట్టారు. ఇద్దరూ రోడ్డు దాటి కూర్చున్నారు. రాఘవేంద్రప్రసాద్ పెదవి విరిచాడు. "ఎంత జెప్పినా ఆ సందు నాకు కంట్లో నలుసు మాదిరి ఉందప్పా." ఆ మాట తిప్పన్నకూ తగిలింది. ఎందుకంటే ఆయన కంటికీ అదే తోచింది. పంతొమ్మిది బిళ్ళ తీశాడు. ముందరి చక్రాలకు లెక్క ప్రకారమే గోడ తగ్గించాడు. వెనక వాటికి మాత్రం, రెండువందల అరవై అయిదు వెడల్పుకు ముప్పై అయిదు గోడ వేయవలసిన చోట నలభై పెట్టి చూశాడు. మూడు వేళ్ళ సందు ఒకటిన్నర వేలి సందయింది. వెనక తొడలు నిండి, కొమ్ములు దించి దూకబోయే పొట్టేలు మాదిరి నిలబడింది కారు. తిప్పన్న చాలాసేపు అట్లే గొంతుక్కూర్చుండిపోయాడు.

"ఇదే" అన్నాడు రాఘవేంద్రప్రసాద్.

"ఇదే" అన్నాడు తిప్పన్న కూడా. లెక్క తప్పుతుందని తెలిసే అన్నాడు.

చక్రాలు వచ్చాయి, బిగించాడు. సాయంత్రం టీ అంగడి వాళ్ళను పిలవబోతే రాఘవేంద్రప్రసాద్ చేయి అడ్డం పెట్టాడు. "ఒద్దప్పా, ఆ గ్రీజు గుడ్డలు, ఆ బీడీలు! ఆ సీట్ల మింద కూర్చోబెట్టేది బాగుండదు. ఎట్లాగూ నేనొక్కణ్ణే గదా తిరిగేది." తిప్పన్న తాళం చేతికిచ్చాడు. కారు వంపు తిరిగి పోతుంటే ఆయన చూసింది వెనక తొడలే.

మరుసటి రోజు పొద్దున్నే, పక్క అంగడిలో కార్ల సొట్టలు తీసే గఫూర్ వచ్చి కబురు చెప్పాడు.

"మామా, నీ కారు జూస్తి! ఏం నిలబడింది మామా! గండికి పోతాండారు, ఆంజనేయసామికి మొక్కు తీర్చను. రాఘవేంద్రప్రసాదే తోల్తాండాడు, పెండ్లాం ముందర. ఎనక వాళ్ళమ్మ అన్నపూర్ణమ్మ, టెంకాయల మూట, ఇత్తడి గుండిగ, ఇంగా ఏందేందో."

తిప్పన్న చేతిలో బొరుగుల ఉగ్గాని ప్లేటు అట్లే ఉండిపోయింది. ఆయన భార్య ఆదిలక్ష్మమ్మ అడిగింది: "ఏమయ్యా, అట్ల కూర్చుంటివి? ఉప్పు లేదా?"

"ఎనక ఆయమ్మ కూర్చుండాది. మూట కూడా ఉంది."

"అయితే?"

"రేకు అంచు లోపలికి మడిచింటాదే. కత్తి మాదిరి. బండి కుంగితే టైరు బుజం దానికి తగుల్తాది. ఒగసారి తగిల్తే ఏం గాదు. గండి దాకా ఎన్ని గతుకులున్నాయో జూడు."

రాఘవేంద్రప్రసాద్‌కు ఫోన్ చేశాడు. మోగింది, ఎత్తలేదు. మళ్ళీ చేశాడు. పదకొండుసార్లు చేశాడు. కూర్చున్నాడు, లేచాడు, అంగడి ముందుకు పోయి రోడ్డు చూశాడు, వెనక్కి వచ్చాడు. ఆదిలక్ష్మమ్మ కొంగు నడుముకు చుట్టుకుంది. "ఈడ తిరిగితే ఆ బండి నిలబడ్తాదా? పో! పాత చక్రాలు ఎత్తుకొని పో!"

గఫూర్ ట్రాలీ ఆటోలో నాలుగు పాత చక్రాలు, జాకీ, పానా పడేసుకున్నారు. జమ్మలమడుగు చేరేదాకా తిప్పన్న ఒకే ప్రశ్న అడిగాడు: "ఇంగా గట్టిగా పోదా ఇది?"

"మామా, ఇది ఆటో. నీ ఎర్ర కారు గాదు" అన్నాడు గఫూర్.

జమ్మలమడుగులో కారం దోసెలు పోసే హేమలత చెప్పింది: "ఎర్ర కారా? ఇప్పుడే పాయెనప్పా. చుట్టాలింటికాడ గంటసేపు ఫోటోలు దిగినారు. ఆ హంపు ఎక్కేటప్పుడు 'బర్ర్' మని అరిసింది గానీ, ఏం అందం!"

తిప్పన్న దిగి ఆ హంపు దగ్గరకు పోయాడు. రోడ్డు మీద వేలెడు పొడవు రబ్బరు పీచు పడి ఉంది. దాన్ని చొక్కా జేబులో వేసుకున్నాడు. ఆటో ముద్దనూరు దారి పట్టింది. కరెంటు ప్లాంటు బూడిద మోసే లారీ ఒకటి అడ్డం వచ్చినప్పుడు సీటు అంచు పట్టుకొని లేచి నిలబడబోయాడు, అట్లా లేస్తే ఆటో ముందుకు దూకుతుందన్నట్టు. ప్రతి మలుపు దగ్గరా ఎర్రగా ఏదో పక్కకు ఒరిగి ఉంటుందేమోనని ముందే కళ్ళు మూసుకునేవాడు. దాటాక తెరిచేవాడు.

పులివెందులలో పూల అంగడి ముందర కనపడింది కారు. చుట్టూ పదిమంది. అన్నపూర్ణమ్మ వెనక సీట్లో గుండిగను ఒళ్ళో పెట్టుకొని, తెరిచిన తలుపు సందులోంచి దండల బేరం చేస్తోంది. తిప్పన్న ఆటో ఆగకముందే దూకి, కారు వెనక నేల మీద పడుకొని, చెయ్యి లోపలికి పెట్టాడు. టైరు బుజం మీద గోరు దిగేంత గాడి. వేడిగా ఉంది. లోపలి దారాలు వేలికి తగిలాయి.

"ఏందప్పా ఇది? అందరూ జూస్తాండారు, లెయ్!" అన్నాడు రాఘవేంద్రప్రసాద్.

"బండి కదిలించొద్దు. ఫోను ఎందుకు ఎత్తవు నువ్వు?"

"నా ఫోను అమ్మ సంచిలో ఉంది. దర్శనం అయ్యేదాక ముట్టొద్దనింది."

తిప్పన్న పెద్దామె ముందుకు వచ్చి నిలబడ్డాడు. జేబులో పీచు తీసి చూపించాడు. "అమ్మా, తప్పు నాది. లెక్క తెలిసే తప్పు చేస్తి. కంటికి బాగుందని చేస్తి. నీ అడుగున ఉండే టైరు తెగతాంది. దిగు."

గుంపు ఇంకాస్త దగ్గరికి జరిగింది. రాఘవేంద్రప్రసాద్ ముఖం ఎర్రబడింది. "ఇప్పుడా చెప్పేది? ఇంతమంది ముందర?"

"మరి నిన్న చెప్పనిచ్చినావా?" అనలేదు తిప్పన్న. అనొచ్చు. అనకుండా జాకీ తీసుకున్నాడు.

అన్నపూర్ణమ్మ గుండిగ కొడుకు చేతిలో పెట్టి, మెల్లగా దిగింది. వంగి, తనే వేలితో ఆ గాడి తడిమింది. తర్వాత కొడుకును చూసింది. "నీకు ఎట్లాగూ బుద్ధి లేదు, తెలుసు. తిప్పన్నా, నీకు కూడా లేకపాయెనే."

"లేకపాయెనమ్మా."

"ఊ. బిగించు మరి. సామి ఎదురు జూస్తాంటాడు."

పాత చక్రాలు వేసేసరికి కారు చిన్నబోయింది. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వుకున్నారు. అక్కడ ఫోటో తీసినవాళ్ళే ప్రొద్దుటూరుకు పంపారు, కథ అట్లా పుట్టింది. రాఘవేంద్రప్రసాద్ తలుపు దబ్బున వేసుకొని గండి వైపు పోయాడు. కారు కనుమరుగయ్యేదాకా తిప్పన్న చూశాడు. ఈసారి చూసింది తొడలు కాదు, వెనక అద్దంలో కనిపించే తెల్ల కొప్పు.

వారం తర్వాత కారు మళ్ళీ అంగడి ముందు ఆగింది. తోలింది కొడుకే గానీ, దిగింది అన్నపూర్ణమ్మ. "ఆ మొదట చెప్పిన పద్దెనిమిదివి ఎయ్యి" అంది. వేశాక టీ అంగడి వైపు తిరిగి చెయ్యి ఊపింది. "రాండప్పా ఇద్దరు, బలంగా ఉండేవాళ్ళు! ఒగరు ముందర, ఒగరు నా పక్కన. బీడీ ఆర్పి రాండి." మీగడ సీట్ల మీద గ్రీజు లుంగీ కూర్చుంది. రాఘవేంద్రప్రసాద్ సీట్ల వైపు చూడకుండా తోలాడు. గతుకు మీద మూడుసార్లు ఎక్కించి దించారు. తిప్పన్న నేల మీద చెవి ఆనించి విన్నాడు. ఏమీ తగల్లేదు.

రోడ్డు దాటి అవతల కూర్చొని చూశాడు. బాగుంది. మూడు వేళ్ళ సందు అట్లే ఉంది. ఆయనకు అది ఇప్పటికీ గుచ్చుతుంది, అబద్ధం ఎందుకు చెప్పాలి.

గాడి పడిన టైరును అంగడి గోడకు తగిలించాడు. అప్పటినుంచీ ఆయన కుదురుగా కూర్చున్నది ఎవరూ చూడలేదు. టీ సగంలో వదిలి లేస్తాడు. రోడ్డున పోయే కొత్త కారు వెనకాల పరుగెత్తి, సిగ్నల్ దగ్గర ఆగితే రేకు కింద వేళ్ళు దూరుస్తాడు. "ఎనక ఎంతమంది కూర్చుంటారప్పా?" అని అడుగుతాడు. ముందు వేసి పంపిన బళ్ళన్నీ గుర్తుచేసుకొని, ఎవరి దానికి లెక్క తప్పానో అని ఒక్కొక్కరికీ ఫోన్ చేస్తున్నాడు. అందుకే మతి తప్పిందంటున్నారు. ఆదిలక్ష్మమ్మ మాత్రం, "తప్పలేదు, ఇప్పుడే కుదిరింది" అంటుంది. కానీ అనేటప్పుడు ఆమె కూడా ఆయన వదిలేసిన టీ గ్లాసు వైపే చూస్తుంది.

మీరు జమ్మలమడుగు రోడ్డులో పోతుంటే, గోడకు పెద్ద టైరు వేలాడే అంగడి దగ్గర ఒక్క నిమిషం ఆగండి. తిప్పన్న తిన్నాడా, కూర్చున్నాడా అని అడగండి. ఒంటరిగా మాత్రం పోవద్దు. వెనక సీటు నిండా మనుషుల్ని ఎక్కించుకొని పోండి. ఆయన వంగి, వేళ్ళు దూర్చి, ఏమీ తగలడం లేదని చూసుకుంటే, ఆ పూటకైనా నెమ్మదిస్తాడు.