ఇరుకు కొట్టం

ప్రయోగశాలలో నా పని వినడానికి చిన్నదే. పొరలు పొరలుగా ఉండే ఒక మట్టికి రెండు రకాల రంగులు పట్టించాలి. మొదటి రంగు వెలుతురును మింగి, ఆ శక్తిని పక్కనున్న రెండోదానికి అందిస్తే రెండోది ఎర్రగా మెరవాలి. మెరుపు చాలడం లేదని నేను రోజూ రంగు పెంచుతూ పోయాను. అది ఇంకా మసకబారింది.

ఒక సాయంత్రం గౌలిపురలో మా ఇంటి వెనక, బర్రె పాలు పితుకుతున్న బాపు దగ్గర కూర్చుని ఈ గోడు వెళ్లబోసుకున్నాను.

"మట్టిల జాగ ఎంతుంది?" అన్నాడు, చెయ్యి ఆపకుండా.

"కొంచెమే."

"మరి గన్ని కుక్కితే ఎట్ల? ఇరుకుల కట్టేస్తె బర్రెలు పొడుసుకుంటయ్ గని, పాలు చేపుతయా?"

నాకు మండింది. "బాపూ, ఇది సైన్సు!"

మర్నాడు ఎవరికీ చెప్పకుండా రంగు సగానికి తగ్గించాను. ఊదా దీపం కింద మట్టి నిప్పుకణికలా వెలిగింది. ఇంటికొచ్చి ఫోన్లో ఫోటో చూపించాను. బాపు దాన్ని చెయ్యి చాచి దూరంగా పట్టుకుని చాలాసేపు చూశాడు.

"మస్తుంది," అన్నాడు. "రేపు పొద్దుగాల పెండ ఎత్తనీకి రా. ఇంకింత సైన్సు చెప్తా."