అయ్యగారు కాదనలేదు

పదేళ్ళుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

పదేళ్ళ కిందట, డెబ్భైల చివర, నేను మదనపల్లెలో టీచర్ ట్రైనింగు చదువుతుండేదాన్ని. పుంగనూరులో పక్షవాతంతో మంచం పట్టిన అమ్మను అక్క సుగుణ చూసుకునేది. అక్కకు కుప్పం సంబంధం కుదిరింది. పెళ్ళికొడుకు దేవదానం మిలిటరీలో ఉండేవాడు. అతని సెలవు క్రిస్మస్‌కు ముందే అయిపోతుంది. మా సంఘంలోనేమో ఆగమన కాలం, అంటే క్రిస్మస్‌కు ముందు నాలుగు వారాలు, పెళ్ళిళ్ళు చేయరు. పాస్టరు అయ్యగారు ప్రత్యేకంగా ఒప్పుకోవాలి. ఆయన ఉండేది మదనపల్లెలోనే కాబట్టి అడిగి రమ్మని అక్క నాకు చెప్పింది.

అడిగాను. చేయిస్తానన్నారు.

బస్సు పుంగనూరు చేరేదాకా ఒకటే ఆలోచన. అక్క వెళ్ళిపోతే అమ్మ దగ్గర ఎవరుండాలి? నేనే. చదువు మానేయాలి. అది భయమా, స్వార్థమా? ఇప్పుడైతే రెండూ అంటాను గానీ, ఆ రోజు దానికి ఏ పేరూ పెట్టుకోకుండా జాగ్రత్తపడ్డాను.

"ఏం జెప్పినారు మే అయ్యగారు?" అని అడిగింది అక్క.

"పండగ అయినాక సేసుకోమన్నారు."

"అయ్యగారే కాదంటే మనమేం సేస్తాం? మళ్ళీ సెలవు పెట్టి వస్తాడులే," అంది.

రాలేదు. వేసవిలో కుప్పంవాళ్ళు అతనికి వేరే పిల్లను చేశారు. మేమే వాయిదా వేసుకున్నామనుకున్న అయ్యగారు బదిలీ మీద వెళ్ళిపోయారు. నేను టీచరునయ్యాను. అమ్మ పోయింది. అక్క మాత్రం పెళ్ళి చేసుకోలేదు.

ఏటా డిసెంబరులో అక్క సండే స్కూలు పిల్లలకు ఆగమనం గురించి చెబుతుంది. ఎదురుచూడడమంటే ఊరికే కూర్చోవడం కాదు, వస్తానన్నవాడి మాట నమ్మి పని చేసుకుంటూ ఉండడం అంటుంది. తన పెళ్ళి ఆగిపోవడం దేవుని చిత్తమని కూడా అంటుంది. నేను వెనక బల్ల మీద కూర్చుని వింటాను. ప్రభువు వస్తాడని నేనూ నమ్ముతాను. కానీ అక్క ఆ వేసవిదాకా పెళ్ళి కోసం ఎదురుచూసింది ఆయన ఇచ్చిన మాట మీదనా? నేను తెచ్చిన మాట మీద. దాన్ని నిరీక్షణ అని ఎలా అనగలను? నాకు సిగ్గుగా ఉంది.

అక్కకు చెబితే క్షమిస్తుందేమో. ఆ క్షమాపణ తీసుకునే ముఖం నాకు లేదు. ఈ రోజు మాత్రం ఆమెకు చెప్పాల్సిన మాటను మొదటిసారి కాగితం మీద పెట్టాను. పెట్టాక ఊపిరి కొంచెం ఆడింది.

దేవుడు కాదక్కా. నేను.